ఆదివారం గేర్ ఆయిల్

"ఇంజను ఆపలేదుగా చెల్లెమ్మా?"

"లేదు ఇస్సాక్ భాయ్."

"ఆపకూడదు. ఆటోమేటిక్ బండి కదా, ఇంజను నడుస్తుండగానే గేర్ ఆయిల్ చూడాలి. ముందు కాస్త తిప్పి వేడి చేశావా?"

"బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చా."

"బ్రేకు తొక్కి గేర్లన్నీ ఓసారి మార్చి, పార్కింగ్‌లో పెట్టావా?"

"పెట్టా."

ఇంజను చప్పుడులో అతని మాట సరిగా వినపడక అమలమ్మ ఫోన్ చెవికి అదుముకుంది. చంకలోంచి జారిపోతున్న రెండేళ్ల రుచితను పైకి ఎగదోసుకుంది.

భర్త జయపాల్ ఉన్నప్పుడు ఆదివారం చర్చిలో పూజ నుంచి రాగానే ఇదే పని. బానెట్ కింద అతను, ఫోన్లో ఆటోనగర్ మెకానిక్ ఇస్సాక్, ఇద్దరివీ ఒకటే నవ్వులు. అతను పోయి ఏడు నెలలు. ఇప్పుడు వారమంతా గుణదలలో ఈ రెండు గదులు, మాటలింకా రాని పాప. పెద్దవాళ్ల గొంతు వినేది ఈ ఫోన్లోనే. ఏదో ఒకరోజు "ఇంత శ్రమెందుకు, బండి షెడ్డుకి తీసుకొచ్చెయ్" అంటాడేమోనని ప్రతిసారీ భయం. ఆ మాటంటే ఈ ఫోనూ ఉండదు.

"ఆయిల్ కొలిచే పుల్ల తీసి, తుడిచి, మళ్లీ దించి తియ్యి. దేంతో తుడుస్తున్నావ్? పీచు రాలే గుడ్డ వద్దు."

"ఆయన పాత బనియన్."

"అదే మంచిది. రంగు?"

ఆమె గుడ్డమీది మరకను చూసింది. "ఎర్రగానే ఉంది."

"మాడు వాసన?"

గుడ్డను ముక్కుకి ఆనించుకుంది. ఇంకోసారి వాసన పీల్చింది.

"లేదు భాయ్."

రుచిత ఫోన్ మీదికి వంగి "బుర్‌ర్" అంది.

"ఓహో! వాళ్ల నాన్నకంటే బాగా నడుపుతోందే!"

అమలమ్మ నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

"ఆయిల్ నిండుగా ఉంది. చుక్క తగ్గలేదు. బెంగపడకు."

"మరి... బండి షెడ్డుకి తేవాలా?"

"ఎందుకమ్మా? వచ్చే ఆదివారం మళ్లీ ఫోన్లోనే చూసుకుందాం. ఇక ఇంజను ఆపేద్దామా?"

"ఊఁ."

ఫోన్లో ఇంజను చప్పుడు ఆగింది.

తనకు చెప్పకుండా నెలక్రితం ఆమె అమ్మేసిన ఆ కారు బానెట్‌ను, ఇస్సాక్ తన షెడ్డులో నెమ్మదిగా దించాడు.