పక్కచూపు

"పక్కన కూర్చో అమ్మాయ్. ఎదురుగా కూర్చుంటే కనబడవని ఎన్నిసార్లు చెప్పాలి?"

మానస కదల్లేదు. పొన్నగంటికూర కలిపిన ముద్ద తండ్రి చేతిలో పెట్టింది.

"నేను కనబడితే ఏంది, కనబడకపోతే ఏంది నాన్నా? తిను."

దానయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అతని చూపు మధ్యలో ఒక మసక మచ్చ. ఎవరిని సూటిగా చూసినా వాళ్ళ మొహమే మాయమవుతుంది. భుజాలూ, వెనకున్న గోడా మాత్రం మిగుల్తాయి.

నరసరావుపేట కంటి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"వయసుతో వచ్చే జబ్బు పెద్దాయనా. మాక్యులర్ డీజనరేషన్ అంటారు. కంటి వెనక పొర మధ్యలో దెబ్బతింది. పోయిన చూపు రాదు. బీడీలు మానెయ్యండి. ఆకుకూరలు, చేపలు, గుడ్లు తినండి, నేను రాసిన బిళ్ళలు వేసుకోండి. ఉన్నది తొందరగా పోకుండా కాస్త ఆపుతాయి, అంతే. అంచుల్లో చూపు ఉంటుంది. తల పక్కకు తిప్పి చూడ్డం అలవాటు చేసుకోండి."

చేసుకున్నాడు. తలుపు గొళ్ళెం చూపుకు చిక్కింది. వాకిట్లో కోడిపెట్ట చిక్కింది. కూతురి మొహమే చిక్కడం లేదు. అతను తల తిప్పేసరికి ఆమె ఏదో పనున్నట్టు లేచి, సరిగ్గా చూపుకు ఎదురుగా వచ్చి నిలబడేది.

తల్లి లేని పిల్ల. పిడుగురాళ్ల సున్నం బట్టీలో కూలికి పోయి ఇల్లు నడిపేది. మొన్న ఎండాకాలం గుంటూరులో పిన్ని దగ్గర కొన్నాళ్ళుండి వచ్చింది. వచ్చాక బట్టీ మానేసి ఇంట్లోనే మిషను కుడుతోంది.

"నిన్ను వదిలి ఎట్టా పోను నాన్నా?" అంది.

తన కళ్ళే పిల్ల కాళ్ళకు బంధమయ్యాయని దానయ్య కుమిలిపోయాడు. తనంటే విసుగు పుట్టి మొహం చాటేస్తుందేమో! ఆమె పెట్టిందల్లా తిన్నాడు.

ఆ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని మునగాకు దూస్తూ మానస గోడకు ఒరిగి నిద్రపోయింది. ఊపిరి చప్పుడు విని దానయ్య మెల్లగా తల తిప్పాడు. ఇన్నాళ్ళకు ఆ మొహం చూపు అంచులోకి వచ్చింది. అలాగే చూస్తుండిపోయాడు. చాచిన చెయ్యి మధ్యలోనే ఆగింది.

మానస ఉలిక్కిపడి లేచింది.

"ఎటు చూస్తున్నావ్ నాన్నా?"

అతను మొహం ఆమెకు సూటిగా తిప్పుకున్నాడు.

"నీ వైపేనమ్మా."

"కనబడిందా?"

"లేదమ్మా. పక్కచూపు కూడా పోయినట్టుంది."

మానస గట్టిగా ఊపిరి వదిలింది. అంతలోనే ఏడ్చింది.

"ఇంకా చానా ఆకుకూర పెడతా నాన్నా. మందులు మానొద్దు."

"అట్టాగేనమ్మా," అన్నాడు దానయ్య.

ఆమె కుడిచెంప మొత్తం సున్నానికి కాలిపోయి ఉంది.