ఇంగ్లీషుల పెట్టుండ్రి సార్

“సార్, గీ కంప్యూటర్ ఖరాబైనట్టున్నది. తెలుగుల అస్తున్నది.”

దేవదాస్ నవ్వాడు.

“ఖరాబు కాలే బిడ్డా. నేనే అట్ల పెట్టిన. కూసో. ఏమున్నదో సదువు.”

ప్రిస్కిల్లా అనుమానంగానే కుర్చీ అంచున కూర్చుంది.

అది నస్పూర్‌లో చర్చి వెనక చిన్న హాలు. గోడ వారగా మూడు పాత కంప్యూటర్లు. తలుపుకు వేలాడుతున్న అట్టముక్క మీద ‘లినక్స్ నేర్పబడును. ఉచితం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం’ అని రాసి ఉంది.

ఉచితం అంటే ఊరంతా ఎగబడుతుందని అనుకుంటాం. ఉచితం అంటే ఏదో మతలబు ఉంటుందని ఊరు అటు తొంగి కూడా చూడలేదు.

దేవదాస్ మాత్రం ప్రతి ఆదివారం కాగజ్‌నగర్ నుంచి రైల్లో వచ్చేవాడు. కుర్చీలన్నీ తుడిచి, మూడు కంప్యూటర్లూ ఆన్ చేసి, సాయంత్రం దాకా ఒక్కడే కూర్చునేవాడు. తర్వాత అన్నీ ఆపేసి వెళ్ళిపోయేవాడు. ఈయనకు వేరే పనేమీ లేదా అని చర్చివాళ్ళు కూడా అనుకునేవారు.

ప్రిస్కిల్లా సరదా పడి రాలేదు. గనిలో పనిచేసే భర్త జబ్బుచేసి పోతే, ఆ ఉద్యోగం ఆమెకిచ్చి ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడి కంప్యూటర్లలో విండోస్ లేదు. లినక్స్ అట, కొనే పని లేకుండా ఎవరైనా వేసుకోవచ్చట. ఆమెకు మౌస్ పట్టుకోవడమే రాదు.

“నెలాఖరుదాక చూస్త. నేర్చుకోకపోతే బొగ్గు బంకర్ కాడ ఊడ్చే పనికి పంపుడే” అన్నాడు సూపరింటెండెంట్ సిద్దిరాములు.

ఆమెకు ఉబ్బసం. బొగ్గు దుమ్ములో వారం కూడా నిలవడం ఆమె వల్ల కాదు. ఆ మాట చెప్పుకుందామన్నా ఇంట్లో వినే మనిషి లేడు.

“దస్త్రం” అని తెర చూసి చదివింది. “సవరించు. ముద్రించు. చెత్తబుట్ట.”

చర్చిలో వాక్యం చదివినట్టు ప్రతి మాటా పైకి చదవడం ఆమెకు అలవాటు. దేవదాస్ కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన, రైల్లో నిలబడి వచ్చాడేమో, కునుకు పడుతోందనుకుంది.

“సార్, ఇగ ఏం నొక్కాలె?”

“మల్లొక్కసారి సదువు బిడ్డా.”

చదివింది. వారం వారం చదువుతూనే నొక్కింది, టైపు చేసింది, ప్రింటు తీసింది. ఆయన ఫ్లాస్కులోంచి చెరో కప్పు టీ పోసేవాడు. ఇద్దరికీ పెద్దగా మాటలుండేవి కావు. అయినా ఆదివారం మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఆమె ఎదురుచూడసాగింది.

కంప్యూటరంటే భయం పోయింది. ఆ వెంటనే సిగ్గు మొదలైంది. ఆఫీసులో అందరి తెరలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

“సార్, ఇంగ్లీషుల పెట్టుండ్రి.”

“ఎందుకు? మంచిగనే నేర్చుకుంటున్నవు గదా.”

“తెలుగుల చూస్తే నవ్వుతరు సార్. దస్త్రమంట, చెత్తబుట్టంట. ఎవలు రాసిండ్రో గని, పని లేనోళ్ళు రాసినట్టున్నది.”

దేవదాస్ టీ కప్పు కింద పెట్టాడు.

“పని లేనోడే రాసుంటడు తియ్యి” అన్నాడు.

భాష మార్చే చోటు చూపించాడు. “గిక్కడ నొక్కితే ఇంగ్లీషైతది. ఎన్నడన్న కావాలనిపిస్తే తెలుగు గూడ గిక్కడ్నే ఉంటది.”

తెర ఇంగ్లీషైంది. ఆ రోజు ఆయన మళ్ళీ చదవమని అడగలేదు. రైలుకు ఇంకా చాలా టైమున్నా లేచి వెళ్ళిపోయాడు.

తన మాట నెగ్గిందని ప్రిస్కిల్లా సంబరపడింది.

నెలాఖరు రానే వచ్చింది. సిద్దిరాములు ఒక కాగితం ఆమె బల్ల మీద పెట్టాడు.

“క్వార్టర్లకు నీళ్ళిడిచే టైము మారింది. తెలుగుల నోటీసు కొట్టి ప్రింటు తియ్యి. నేను ఈడనే నిలబడ్త.”

తెర నిండా ఇంగ్లీషు. ఏది ఎక్కడుందో అంతా మర్చిపోయింది. వెనక ఎవరో గుసగుసలాడారు. బంకర్ దుమ్ము గుర్తొచ్చి ఊపిరి బిగపట్టింది.

ఉద్యోగమే పోయేటప్పుడు సిగ్గెందుకు? దేవదాస్ చూపించిన చోటు వెతికి తెలుగు పెట్టింది.

దస్త్రం. కొత్తది. భద్రపరుచు. ముద్రించు.

అన్నీ తెలిసిన మాటలే. పైకి చదువుకుంటూనే నోటీసు కొట్టి ప్రింటు తీసింది.

సిద్దిరాములు నోటీసు చదివాడు. తెర వైపు వంగి చూశాడు. ఇక నవ్వుతాడని ఆమె కాచుకుంది.

“గీ తెలుగు జర నా దాంట్ల గూడ పెట్టియ్యి” అన్నాడాయన.

ఆదివారం ఆ సంగతి చెప్పాలని ప్రిస్కిల్లా మధ్యాహ్నం కాకముందే హాలుకు వెళ్ళింది. తలుపుకు తాళం వేసుంది. అట్టముక్క లేదు. చర్చి చూసుకునే మొగిలి మెట్ల మీద కూర్చున్నాడు.

“సార్ ఇంక రాలేదా తాతా?”

“సార్ పోయిండు బిడ్డా. మొన్న బేస్తవారం నాడు గుండె ఆగిందట. పాస్టరు, నేను కాగజ్‌నగర్ పోయి మట్టేసి అచ్చినం.”

ఆమె పక్కనే కూలబడింది.

“ఎవలు లేరా తాతా ఆయనకు?”

“ఎవలు లేరు. పెండ్లాం ఎన్నడో పోయింది. కాగితం మిల్లుల పని. మిల్లు మూసినంక ఇంట్ల ఒక్కడే ఉండేటోడు.”

“నాకు నౌకరి నిలబెట్టిండు. గా మాట చెప్పుకుందామని అచ్చిన. మల్ల గింత మంచిగ నేర్పేటోళ్ళు యాడ దొరుకుతరు?”

“నేర్పుడు సంగతి నాకు తెల్వదు బిడ్డా” అన్నాడు మొగిలి. “ఆడ ఆయన దోస్తు చెప్పిండు. పని పోయినంక ఏండ్లకేండ్లు కూసోని, గా కంప్యూటర్ల ఇంగ్లీషు మాటలన్నీ ఈయనే తెలుగు చేసిండట. ఒక్క మనిషన్న గా మాటలు సదువుతుంటే ఇనాలెనని గీడిదాక అచ్చి కూసునేటోడట.”