నల్లేరు కట్టు

పెంచలయ్య పెళ్లాన్ని కొట్టినప్పుడల్లా వాళ్ల పెరట్లో నల్లేరు ఒక కణుపు ఎదుగుతుందని పక్కింటి సర్దార్‌బీ రొయ్యలు అమ్ముతూ ఊరంతా చెబుతోందంట. ఆ మాట చెవిన పడి పెంచలయ్య పడీ పడీ నవ్వినాడు.

"నల్లేరు మీద బండి నడుస్తాది గానీ, నల్లేరొచ్చి బండి మీదికి ఎక్కుతాదా?"

తొలిసారి అతను విరిచిన జయమ్మ ముంజేతికి, ఎముక అతకాలని ఆమె తల్లి నల్లేరు నూరి కట్టు కట్టింది. మిగిలిన కాడను జయమ్మ పందిరి గుంజ మొదట్లో గుచ్చింది. ఇప్పుడది పందిరంతా అల్లుకుని, కణుపు కణుపూ ఎముకలా బలిసింది.

"ఇంకెంత పొడుగు పోతాదో చూస్తానుండు మే," అని ఆ సాయంత్రం రోకలి ఎత్తినాడు. జయమ్మ వేలాడే కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని లోపలికి పోయింది.

చీకటి పడినాక ఉక్కకు తాళలేక అతను పందిరి కిందే మంచం వాల్చినాడు. సముద్రపు గాలి పడిపోయింది. ఆకు కదలడం లేదు. అయినా పైన టప్, టప్ మని కణుపులు విరుగుతున్న చప్పుడు.

లేవబోయినాడు. కుడి ముంజేతికి నాలుగు పలకల పచ్చి తీగ, కట్టు కట్టినంత నేర్పుగా చుట్టుకుని ఉంది. లాగేకొద్దీ బిగిసింది. ఈసారి టప్ మన్నది పైన కాదు.

"జయా! కత్తి తే మే! చెయ్యి పోయింది!"

జయమ్మ గడపలోకి వచ్చి, ఎడమ చేత్తో సెల్లు లైటు అతని చేతి మీద వేసి చూసింది.

"విరిగింది గదా. అతికేదాకా కట్టు కదపబాకు."