ఐదు చుట్లు

చిట్టికి రెండు చేతులూ ఖాళీ లేవు. ఒక చేతిలో పరుగు బూట్లు, ఇంకో చేతిలో ఫిజిక్స్ పుస్తకం.

అప్పుడప్పుడే తెల్లవారుతోంది. మైదానం గేటు పక్కన చేతికర్ర పట్టుకుని, పచ్చ మఫ్లర్ చుట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

“వాచ్‌మన్ తాతా, కాస్త గేటు తియ్యవా?”

ఆయన అటూ ఇటూ చూశాడు. పిలుపు తనకేనని తేలాక నవ్వి, గడియ తీశాడు.

నెలన్నరలో చిట్టికి ఎనిమిది వందల మీటర్ల ఫైనల్. ఆ తర్వాత మూడో రోజే ఎంట్రన్స్.

“పుస్తకాలు అటకెక్కించు” అన్నాడు కోచ్.

“ముందు ఆ బూట్లు అటకెక్కించు” అన్నాడు లెక్చరర్.

“రెండు పడవల మీద కాళ్ళు పెడితే నీళ్ళలో పడతావే” అంది అమ్మ.

రెండిట్లో ఏది వదులుకున్నా చిట్టికి ప్రాణం సగం పోయినట్టే. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆ మాట తాతతో చెప్పింది.

“పడవ ఒకటేనమ్మా, తెడ్లే రెండు. ఒక్క తెడ్డే వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతావు. ఏదీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వు.”

అది సీనియర్ ఇచ్చిన పాత పుస్తకం. ముందు అట్టా లేదు, వెనక అట్టా లేదు.

తాత ఒక లెక్క చదివాడు. మైదానం ఒక చుట్టు తిరిగొచ్చేలోగా జవాబు చెప్పాలి. తప్పితే ఇంకో చుట్టు.

మొదటి వారం చిట్టి పరిగెత్తిందే పరిగెత్తింది.

“జవాబులు చూడకుండానే తప్పని ఎలా చెప్తున్నావు తాతా?”

“ఈ పుస్తకానికి కొన్నాళ్ళు కాపలా కాశాన్లే.”

ఏ లైబ్రరీలోనో పనిచేసి ఉంటాడనుకుంది చిట్టి.

ఏడో చాప్టర్ చివరి లెక్క మాత్రం మూడు రోజులైనా కొరుకుడు పడలేదు.

“ఈ పుస్తకం రాసినాయన దొరకాలి తాతా! పది చుట్లు పరిగెత్తిస్తాను.”

“పాపం, ముసలాడేమో. ఐదుకి తగ్గించు.”

“సరే, నీ మొహం చూసి ఐదు.”

మర్నాడు చిట్టి వచ్చేసరికి తాత కర్ర పొడుచుకుంటూ, ఆయాసపడుతూ మైదానం చుట్టూ నడుస్తున్నాడు.

“నీకు డ్యూటీలో రౌండ్లు కూడా వేశారా తాతా?”

“వేశారమ్మా. ఐదు.”

ఆ రోజే కూర్చోబెట్టి ఆ లెక్క ఓపికగా విప్పి చెప్పాడు. విప్పాక చూస్తే అందులో ఏమీ లేదు.

ఫైనల్ రోజు మొదటి చుట్టు అయ్యేసరికి చిట్టి మూడో స్థానంలో ఉంది. రెండో చుట్టులో ఇద్దరినీ దాటేసింది. గీత దాటగానే అలవాటు కొద్దీ జవాబేదో చెప్పబోయి, మెడలో పతకం పడేదాకా నవ్వుతూనే ఉంది.

మూడో రోజు పరీక్ష హాల్లో ఏడో చాప్టర్ చివరి లెక్క ఎదురైంది. అంకెలు మారాయంతే. చిట్టి కళ్ళు మూసుకుని మనసులోనే ఒక చుట్టు తిరిగొచ్చింది. జవాబు గీత దగ్గర నిలబడి ఉంది.

కోరుకున్న కాలేజీలో సీటొచ్చింది. కోచ్ నా శిష్యురాలన్నాడు, లెక్చరర్ నా స్టూడెంటన్నాడు. అమ్మ పడవల ఊసే ఎత్తలేదు.

సీటు కూడా వచ్చాకే తాతని కలుద్దామని ఆగిన చిట్టి, పతకం ఆయన మెడలో వెయ్యాలని మైదానానికి పరిగెత్తింది. గేటు దగ్గర ఖాకీ చొక్కా మనిషి ఒకడున్నాడు.

“వాచ్‌మన్ తాత ఏడీ?”

“తాతెవరమ్మా? ఇక్కడ వాచ్‌మన్ని నేనే. ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కుతాను.”

“పచ్చ మఫ్లరు, చేతికర్ర...”

“ఓ, వాకింగ్‌కొచ్చే మాస్టారా! కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక రారట. పతకంతో ఒకమ్మాయి వస్తుంది, ఇది ఇవ్వమన్నారు.”

పొట్లంలో అదే ఫిజిక్స్ పుస్తకం, సరికొత్తది. మొదటి పేజీలో పెన్నుతో రాసి ఉంది: “ఐదు చుట్లూ పూర్తి చేశాను తల్లీ. లెక్క సరి.”

చిట్టికి ఏమీ అర్థం కాలేదు. పుస్తకం తిరగేసింది.

ఈ పుస్తకానికి వెనక అట్ట ఉంది. దాని మీద రచయిత ఫొటోలో, పచ్చ మఫ్లర్ చుట్టుకుని వాచ్‌మన్ తాత నవ్వుతున్నాడు.