మూలుగ బొక్కల శోర్వ

"ఇంకో బొక్క ఏసుకో. నెత్తురిచ్చినోనివి, గింతే తింటే ఎట్ల?"

సూర్యకళ చిన్నకొడుకు పళ్ళెంలో మళ్ళీ ఎముకల శోర్వ పోసింది. భూషణం తల వంచుకుని కూర్చున్నాడు. మోచేతి మడతలో అంటించుకున్న దూది దురద పెడుతోంది. దాని కింద సూది గుర్తేమీ లేదు.

అన్న పాండురంగ జబ్బు మామూలుది కాదు. ఎముకల్లో మూలుగ ఎండిపోయిందని, ఒంట్లో నెత్తురు ఊరడం లేదని, ఎవరో ఒకరు ఇస్తూ ఉంటేనే మనిషి దక్కుతాడని పట్నం దవాఖానాలో డాక్టరు చెప్పాడు. ఆ మాట వినగానే వదిన హైమావతి తన చెయ్యి చాపింది. సూర్యకళ వార్డంతా వినబడేలా అరిచింది.

"మొగనికి పెండ్లాం నెత్తురెక్కిస్తరా? ఇద్దరిది ఒక్క నెత్తురైనంక వాడు నీకు మొగడెట్లయితడే, తోడబుట్టినోడయితడు! నేను బతికుండంగ గా పని కానియ్య. భూషణం లేడా? వాడిస్తడు."

భూషణం సరేనన్నాడు. నాచారం ఫ్యాక్టరీలో ఇనుప కడ్డీలు భుజానికెత్తుకునే మనిషి. ఉప్పల్‌లో కబడ్డీకి దిగితే ఇద్దరు పట్టినా ఆగడు. తీరా సూదిని చూసేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పక్క మంచం మీదివాడి సీసా ఎర్రగా నిండుతుంటే కళ్ళు తిరిగాయి. ఇప్పుడే వస్తానని చెప్పి బయటపడ్డాడు. ఇరానీ హోటల్లో చల్లారిపోయిన చాయ్ ముందు చాలాసేపు కూర్చుని, కాస్త దూది కొని చేతికి అంటించుకుని ఇంటికొచ్చాడు. తరవాతి నెలల్లోనూ అదే నాటకం. ఇవాళతో మూడోసారి.

విచిత్రమేమిటంటే ప్రతిసారీ అన్నకు నెత్తురు ఎక్కుతూనే ఉంది. దవాఖానావాళ్ళే ఎక్కడినుంచో తెచ్చి ఉంటారనుకున్నాడు. ఎవరిదని అడగడానికి ముఖం చెల్లలేదు.

ఇంట్లో మాత్రం వాడిది అల్లుడి మర్యాద. సూర్యకళ పొద్దున్నే కసాయి దుకాణానికి వెళ్ళి, మూలుగ ఉన్న బొక్కలే ఏరి తెచ్చేది. ఇద్దరు తినేంత వండి, అంతా వాడి ముందే పెట్టేది. వాడు తినలేక వదిలేస్తే కోడలి మీద విరుచుకుపడేది.

"ఏందే సూస్తున్నవ్? గవి పారబోస్తవా? కసాబోడు ఊకెనే ఇచ్చిండా? గీడ కూసొని ఒక్కటి మిగలకుంట తిను."

నీళ్ళకు వెళ్ళబోతే బిందె లాక్కునేది.

"నువ్వు తెస్తే సగం తొవ్వలనే ఒలకబోస్తవ్. పక్కకు జరుగు!"

హైమావతి చెప్పినట్టే చేసేది. రోజూ మొగుడికి క్యారేజీ పట్టుకుని బస్సులో వెళ్ళడం, వచ్చి గోడకు చేరగిలబడటం. ముఖం సున్నం కొట్టినట్టయింది. అమ్మ నోటికి జడిసే వదిన ఇలా చిక్కిపోతోందని భూషణానికి ఒళ్ళు మండేది. ఆ వెంటనే, తాను మింగుతున్నది ఆమె మొగుడి ప్రాణం పేరు చెప్పి కదా అని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయేవాడు.

పక్కింటి రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి. వదిన గోడ పట్టుకుని వచ్చి వాడి గ్లాసులో నీళ్ళు పోసింది.

"డాక్టరు సాబ్ ఏమన్నడో ఎరుకేనా, భూషణం? గిట్లనే ఎక్కిస్తుంటే మీ అన్నకు ఫికర్ లేదట," అంది మెల్లగా. "మీ అన్న నీ పేరే తలుస్తున్నడు. తమ్ముడు నాకు పానం పోసిండని ఏడ్సిండు."

భూషణం పళ్ళెం తోసేశాడు. మోచేతి మీది దూది పీకి నేలకేసి కొట్టాడు.

"నేనియ్యలే అమ్మా! ఒక్క సుక్క గూడ ఇయ్యలే. సూదంటే భయమై ఉరికిన. పోయినప్పుడల్ల ఉరికిన. గీ బొక్కలన్ని దొంగతిండి తిన్న. అన్నకు ఎవలిచ్చిన్రో గూడ నాకు తెల్వదు!"

రెండు చేతుల్లో ముఖం దాచుకుని పసివాడిలా ఏడ్చాడు. చెంప పగలడం ఖాయమనుకున్నాడు.

సూర్యకళ కొట్టలేదు. తిట్టనూ లేదు. ఎవరికీ తల వంచని ఆ మనిషి, కోడలి కళ్ళల్లోకి చూడలేక నేల చూపులు చూసింది. హైమావతి గబగబా కొంగు తీసి రెండు భుజాల మీదుగా మోచేతుల దాకా కప్పుకుంది.

శోర్వ గిన్నె తీసి కోడలి ముందు పెట్టింది సూర్యకళ. అన్నం కలిపి, ముద్ద చేసి, ఆమె నోటి దగ్గరికి తెచ్చింది.

"ఇయ్యాల ఏ చేతికెల్లి తీసిన్రు, బిడ్డా?"