స్టార్టు కాని బండి

"జెట్టేది?"

గురవయ్య కార్బొరేటరు ఊడదీసి, లోపలికి తొంగిచూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఏం జెట్టు?" అన్నాడు ఏసుదానం, ఎర్రటి ట్యాంకు తుడుస్తూ.

"పోయిన శుక్కురారం నా చేతులతోని బిగించిన గదన్నా! పెట్రోలు బోయే ఇత్తడి ముక్క. మల్ల మాయమైంది!"

ఏసుదానం చేతిలో గుడ్డ విసిరికొట్టాడు. "ఎవడ్రా ఆ దొంగ సచ్చినోడు! మొన్న ప్లగ్గు, అంతకుముందు వైరు, ఇప్పుడిది! నా బండి మీదే పడ్డారేంట్రా అందరూ!"

ఆ అరుపులకు పక్కింటి పావురాలు లేచిపోయాయి.

మస్కట్ శివార్లలో, మబేలాలో ఏసుదానం అద్దె ఇంటి కారు షెడ్డులో కారు లేదు. పాతకాలపు ఇంగ్లీషు మోటారు సైకిలుంది. ఎవరో తెల్లదొర దేశం వదిలిపోతూ పారేసిన బండి. తుక్కు సామాన్ల మధ్య దాన్ని చూసి మనసు పారేసుకుని, పికప్ మీద వేసుకొచ్చాడు ఏసుదానం. అల్ మవాలే గ్యారేజీలో పనిచేసే గురవయ్య సరదాకి ఓ చెయ్యి వేద్దామని వచ్చి ఇరుక్కుపోయాడు. ఇద్దరూ కలిసి ఇంజను విప్పి బాగుచేశారు. హ్యాండిలు ఎత్తు పెంచారు. భార్య లిల్లీ, పాప కూడా కూర్చునేలా పొడుగు సీటు కుట్టించారు. అన్నీ అయ్యాయి. స్టార్టు మాత్రం కాదు. అయ్యేలా ఉన్న ప్రతిసారీ ఏదో ఒకటి మాయం!

"నాకు ఆరు దినాలు డ్యూటీ," అన్నాడు గురవయ్య. "ఉన్నది ఒక్క శుక్కురారం. గది సుత నీ బండికే ధారపోస్తున్న. రూమ్‌ల అందరు నన్ను జూసి నవ్వుతున్నరు."

"నాకు మాత్రం మంటగా లేదేంట్రా? ఛీ, నా బతుకు!" అంటూ ఏసుదానం స్టాండుని ఒక్క తన్ను తన్ని లోపలికి పోయాడు.

టీ తెచ్చిన లిల్లీ, భర్త పోయేదాకా ఆగింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గురవయ్యా, ఎలాగోలా దీన్ని స్టార్టు చేసి పడెయ్. నీకు పుణ్యముంటుంది," అంది గొంతు తగ్గించి. "తాగుడుతో ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంకోసారి ముట్టుకుంటే పాపని తీసుకుని బాపట్ల వెళ్ళిపోతానని చెప్పేశాను. ఉత్తుత్తి బెదిరింపు కాదది. ఈ తుక్కు ఇంట్లోకొచ్చిన దగ్గర్నుంచి ఒక్క చుక్క ముట్టలేదయ్యా. ప్రభువే పంపాడనుకున్నా. ఇప్పుడు చూడు, రోజూ అరుపులే. ఈ చిరాకులో మళ్ళీ సీసా పట్టుకుంటాడేమోనని హడిలి చస్తున్నా."

గురవయ్య టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. బండి సంగతి అటుంచి, ఒక సంసారం తన పానా మీద ఆధారపడి ఉంది!

జెట్టు పోయిన కోపమంతా పక్కింటి డ్రైవరు ఇనాయత్ మీద చూపించాడు. స్క్రూడ్రైవరు కావాలని అప్పుడప్పుడూ షెడ్డులోకి వచ్చేది అతనొక్కడే.

"ఖుదా కసమ్, మైనే కుఛ్ నహీ లియా భాయ్!" అని, తానేమీ తియ్యలేదని మొత్తుకున్నాడు ఇనాయత్. గురవయ్య వినలేదు. చొక్కా పట్టుకోబోయాడు. ఏసుదానం పరుగున వచ్చి మధ్యలో దూరాడు.

"వదిలెయ్ రా, పోనీ. పాపం, వాడు కాదు."

"నీకు గింత మెత్తతనం గాబట్టే ఎత్కపోతున్నరు!" అని గురవయ్య అతని మీదే విరుచుకుపడ్డాడు.

జెట్టు మస్కట్ అంతా వెతికినా దొరకలేదు. సెలవు మీద ఇండియా వెళ్ళిన తోటి నర్సుతో చెప్పి, లిల్లీయే బొంబాయి నుంచి తెప్పించింది. మొగుడి చేతికివ్వలేదు. పోతుందని భయం. బీరువాలో దాచి, శుక్రవారం నేరుగా గురవయ్య చేతిలో పెట్టింది.

ఆ రోజు చర్చి నుంచి పాస్టరు గారిని కూడా పిలిచింది. బండి స్టార్టు కాగానే ప్రార్థన, తర్వాత బిర్యానీ. ఏసుదానం పొద్దుట్నించీ అందరి మీదా కసురుతూనే ఉన్నాడు. బోల్టులు బిగిస్తున్న గురవయ్య మీద మరీను. "తొందరపడతావేంట్రా? బండేమన్నా పారిపోద్దా?"

గురవయ్య పళ్ళు బిగబట్టి పని పూర్తిచేశాడు.

"అయిపాయె అన్నా. ఒక్క కిక్కుకు లేస్తది. చేతులు కడుక్కొని అందరిని పిలుచుకొస్త. ఆ కిక్కు నువ్వే కొట్టాలె!"

ఏసుదానం తలూపాడు.

పెరట్లో కుళాయి దగ్గర సబ్బు లేదు. కాసేపు వెతికి, విసుక్కుంటూ గురవయ్య వెనక్కి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు.

ఏసుదానం బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. కార్బొరేటరు ఊడిపోయి ఉంది. అతని అరచేతిలో ఇత్తడి జెట్టు. గురవయ్య నోరు తెరిచేలోపే దాన్ని గోడ అవతలి ముళ్ళకంపలోకి విసిరేశాడు.

"అన్నా! నువ్వా!" గురవయ్యకు ఒళ్ళంతా మండిపోయింది. "దొంగవు నువ్వా! ఒట్టిగనే ఇనాయత్ గల్లా పట్టవోతిని! వదినె పాపం బొంబాయి నుంచి తెప్పిచ్చె! గిన్ని దినాలు నా రెక్కలు ఇరుగుతుంటె కండ్లార జూసినవు గదా! పిచ్చి లేసిందా నీకు? పానం బెట్టి జేసుకున్న బండిని ఎవడన్న పాడుజేసుకుంటడా?"

"ఏవండీ, స్టార్టయిందా?" లోపల్నుంచి లిల్లీ ఆశగా కేకేసింది.

ఏసుదానం ఆ గుమ్మం వైపు చూశాడు. పెట్రోలు చేతుల్ని లుంగీకి తుడుచుకున్నాడు.

"మెల్లిగా మాట్లాడరా," అన్నాడు. "ఇది స్టార్టయ్యేదాకా మందు ముట్టనని బైబిలు మీద ఒట్టేశాన్రా."