దోసెడు నీళ్ళు

“ఫాదర్, వీడికి జ్ఞానస్నానం ఆసుపత్రిలోనే ఒకసారి అయిపోయిందండీ,” అంది టీచరమ్మ కూతురు, ఉండబట్టలేక.

మనవడి గౌనుకి బొత్తాలు పెడుతున్న టీచరమ్మ చేతులు ఆగిపోయాయి. మూడు నెలలుగా కడుపులో దాచుకున్న మాటని కన్నకూతురే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. చర్చి పక్కగదిలో పదిమంది పసివాళ్ళు ఒకేలాంటి తెల్లగౌన్లలో గోల పెడుతున్నారు. ఉన్నవాళ్ళ పిల్లెవరో లేనివాళ్ళ పిల్లెవరో తెలియకూడదని, చర్చి మహిళా సంఘమే ఒకే తాను గుడ్డతో అందరికీ కుట్టించింది. ఆ సంఘానికి పెద్ద టీచరమ్మే.

“అయిపోవడమేంటి టీచరమ్మగారూ?” అన్నారు ఫాదర్.

“ఏడో నెలలో పుట్టాడు కదా ఫాదర్. మూడోరోజు మధ్యాహ్నం ఒళ్ళు నీలం తిరిగింది. నేను మీకోసం పరుగెత్తుకొచ్చాను, మీరు ఊళ్ళో లేరు. తిరిగి వెళ్ళేసరికి ఆ ఆసుపత్రిలో పనిచేసే మన ఆయా వీడి నెత్తిన నీళ్ళు పోసేసిందట.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? జ్ఞానస్నానం జన్మకి ఒక్కసారే. అది సరిగ్గా జరిగి ఉంటే నేను మళ్ళీ నీళ్ళు పోయకూడదు.”

“జరిగిందో లేదో తెలియకే కదా! ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఏ మాటలందో ఏమో. అడిగితే, తప్పని తేలితే? ఈ మూడు నెలల్లో వీడికేమైనా అయి ఉంటే, జ్ఞానస్నానం లేకుండానే పోయేవాడు కదా?”

ఊళ్ళో సగంమంది తప్పులు ఎర్రసిరాతో దిద్దిన మనిషి, ఈ ఒక్క జవాబు చూడ్డానికి భయపడింది. ఇవాళ పదిమందిలో కలిపి గుట్టుగా నీళ్ళు పోయించేస్తే ఏ బాధా ఉండదనుకుంది.

“ఆయాని పిలవండి,” అన్నారు ఫాదర్.

ఆయా చర్చి హాల్లో రోగులకి పంచే పొట్లాలు కడుతోంది. పన్నెండేళ్ళ కిందట సంఘమిచ్చే పాలడబ్బా కోసం వరసలో నిలబడ్డ మనిషి, తర్వాత ఆ వరసని నిలబెట్టే మనిషైంది. ఏ వార్డులో ఎవరికి దుప్పటి లేదో, ఎవరికి సబ్బు లేదో సంఘానికి చెప్పేది ఆవిడే. ఆదివారం పూజకి అందరికంటే ముందొచ్చి చివరి బెంచీలో కూర్చుంటుంది. ఫాదర్ సత్ప్రసాదపు అప్పం పంచే వేళ జనమంతా ముందుకి కదిలితే, ఆవిడ ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని వరండాలోకి వెళ్తుంది. “తన వంతు పుణ్యం కూడా పక్కవాళ్ళకే వదిలేసే రకం,” అని టీచరమ్మ మెచ్చుకునేది.

ఆయా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని బిక్కచచ్చిపోయింది.

“తప్పు చేశానా ఫాదర్?”

“ముందు చెప్పమ్మా. ఏ నీళ్ళు పోశావు?”

“కుళాయి నీళ్ళేనండీ. మరీ చల్లగా ఉన్నాయని కాసేపు దోసిట్లో పట్టుకుని, అప్పుడు పోశాను.”

“ఎక్కడ?”

“నెత్తిమీద. మూడుసార్లు.”

“ఏమన్నావు?”

ఆయా కళ్ళు మూసుకుని, నిటారుగా నిలబడి చెప్పింది. “‘పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను’ అన్నానండీ. పేరు పెట్టలేదు కదా, ముందు బుజ్జిబాబూ అని పిలిచాను.”

ఒక్క అక్షరం తప్పు లేదు. దీర్ఘాలు కూడా సరిగ్గా పలికింది.

“ఏమనుకుని పోశావు?”

“ఈ అమ్మాయి అప్పుడు ఏడుస్తూ అడిగిందండీ, చర్చిలో మీరు చేసేది వీడికి చెయ్యమని. మీరు చేసేదే చెయ్యాలనుకున్నాను. అంతకుమించి నాకేం తెలుసు?”

ఫాదర్ నవ్వేశారు. “అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా ఇవ్వచ్చు. ఎవరిచ్చినా జ్ఞానస్నానమే. టీచరమ్మగారూ, మీవాడు మూడు నెలలుగా దేవుడి బిడ్డే. ఇవాళ తైలం పూసి అందరితోపాటు దీవిస్తాను, సరేనా?”

టీచరమ్మ బెంచీ మీద కూలబడింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మూడు నెలల తర్వాత మొదటిసారి మనవణ్ణి భయం లేకుండా ముద్దు పెట్టుకుంది. వాడు ఆమె కళ్ళజోడు వంక కళ్ళు విప్పార్చి చూశాడు.

“ఫాదర్, ఇవాళ వీణ్ణెత్తుకుని నిలబడే జ్ఞానతల్లిగా మా వియ్యపురాలి పేరు రాయించాను. కొట్టెయ్యండి. నిలబడాల్సింది ఈవిడే.”

“అయ్యో, నేనా? వద్దమ్మా!” అంది ఆయా.

“అత్తయ్యగారు మూతి ముడుచుకుంటారేమోనమ్మా,” అని గొణిగింది కూతురు.

“ముడుచుకోనీ. రెండ్రోజులకి అదే విచ్చుకుంటుంది. రాయండి ఫాదర్.”

ఫాదర్ రిజిస్టరు తెరిచి, పాత పేరు కొట్టేసి కలం సిద్ధం చేసుకున్నారు.

“చెప్పమ్మా, జ్ఞానతల్లికీ జ్ఞానస్నానం అయి ఉండాలి కదా, నీది ఏ చర్చిలో అయింది?”

ఆయా తల వంచుకుంది.

“నాకింకా కాలేదండీ.”